గత ఘటనలా, నేటి ధరలా? మార్కెట్ సంభావ్యతను తూచే రెండు మార్గాలు

2024 జూన్ 3, సోమవారం. మరునాడు లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు. శనివారం సాయంత్రం వెలువడిన ఎగ్జిట్ పోల్స్‌లో అధిక భాగం అధికార కూటమికి 350కి పైగా స్థానాలు దక్కుతాయని అంచనా వేయడంతో స్టాక్ మార్కెట్ ఉత్సాహంతో ఉరకలెత్తింది. సెన్సెక్స్ ఒక్కరోజే 2,507 పాయింట్లు పెరిగి 76,468 వద్ద, నిఫ్టీ 3.25 శాతం లాభంతో 23,263 వద్ద ముగిశాయి. మంగళవారం లెక్కింపు మొదలై, ఆధిక్యాలు ఒక్కొక్కటిగా వెలువడుతున్న కొద్దీ దృశ్యం తారుమారైంది. ఆ రోజు ముగింపు సమయానికి సెన్సెక్స్ 4,389 పాయింట్లు కోల్పోయి 72,079కి, నిఫ్టీ 5.93 శాతం నష్టపోయి 21,884కి దిగివచ్చాయి. అధికార కూటమికి చివరకు దక్కినవి 293 స్థానాలు.

ఇంతటి పతనాన్ని ముందుగా పసిగట్టడం సాధ్యమేనా అన్న ప్రశ్న ఆనాటి నుంచి తరచూ వినిపిస్తూనే ఉంది. పతనం వస్తుందని చెప్పగలగడం వేరు, వచ్చేందుకు ఎంత అవకాశం ఉందో చెప్పగలగడం వేరు. మొదటిది జోస్యం. రెండవది లెక్క. ట్రేడర్‌కు అక్కరకు వచ్చేది రెండవదే. ఆ లెక్క వేయడానికి అతని ముందు ప్రధానంగా రెండు రకాల సాక్ష్యాలు ఉంటాయి. ఇటువంటి సందర్భాలలో మార్కెట్ గతంలో ఎలా ప్రవర్తించిందన్నది ఒకటి. రాబోయే రోజుల గురించి మార్కెట్ ఈ క్షణాన ఏ ధర కడుతున్నదన్నది మరొకటి.

చాలామంది ధరల చార్టును చూసి, తాము రెండవ మార్గంలో నడుస్తున్నామని భావిస్తారు. చార్టులోని ప్రతి గీతా జరిగిపోయిన కొనుగోలు, అమ్మకాల చిట్టా మాత్రమే. అది ఎంత తాజాదైనా గతమే. భవిష్యత్తును గురించి డబ్బు పెట్టి చెప్పిన మాట ఆప్షన్ ప్రీమియంలలో ఉంటుంది. ఫలానా తేదీలోగా సూచీ ఫలానా స్థాయిని దాటితే చెల్లిస్తానని ఒకరు ఒప్పుకొని, అందుకు మరొకరి నుంచి ఈరోజే తీసుకునే సొమ్ము అది.

ఢిల్లీలో ఘటన, ముంబయిలో ధర

దేశ రాజధానికి ఒకప్పుడు సొంత స్టాక్ ఎక్స్ఛేంజీ ఉండేది. 1947లో ఏర్పడిన ఢిల్లీ స్టాక్ ఎక్స్ఛేంజీ అసఫ్ అలీ రోడ్డు చిరునామాగా దశాబ్దాల పాటు సాగి, దేశవ్యాప్త ఎలక్ట్రానిక్ ట్రేడింగ్ ముందు నిలువలేక వెనుకబడి, 2014లో సెబీ గుర్తింపును కోల్పోయింది. నేడు గురుగ్రామ్‌లోనో నోయిడాలోనో కూర్చున్న ట్రేడర్ ఇచ్చే ఆర్డరు ముంబయిలోని సర్వర్లకే చేరుతుంది. అయినా, తేదీ ముందే తెలిసి సూచీలను కుదిపివేయగల రెండు పెద్ద ఘటనలు ఇప్పటికీ ఢిల్లీలోనే జరుగుతాయి. ఒకటి పార్లమెంటులో కేంద్ర బడ్జెట్. రెండవది అశోకా రోడ్డులోని నిర్వాచన్ సదన్ కేంద్రంగా సాగే ఓట్ల లెక్కింపు. తేదీ ముందే తెలియడం వల్ల రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇంతకన్నా అనువైన సందర్భాలు దొరకవు.

ఐదు ఎన్నికల చిట్టా

2024 జూన్ నాటికి గతాన్ని తిరగవేసిన వారికి కనిపించినవి ఇవి. 2004 మే 13న ఫలితాలు వెలువడ్డాయి. అంచనాలకు భిన్నంగా ప్రభుత్వం ఓడిపోయినా ఆ రోజు సెన్సెక్స్ స్వల్పంగా పెరిగి 5,399 వద్ద ముగిసింది. మరునాడు 6 శాతానికి పైగా పడిపోయింది. వారాంతం గడిచి 17వ తేదీ సోమవారం వచ్చేసరికి ఏకంగా 11.14 శాతం కుప్పకూలి 4,505కి చేరింది. ఆ రోజు రెండుసార్లు ట్రేడింగ్‌ను నిలిపివేయవలసి వచ్చింది.

2009లో ఫలితాలు మే 16, శనివారం నాడు వచ్చాయి. సోమవారం మార్కెట్ తెరచుకున్న నిమిషంలోపే గరిష్ఠ పరిమితిని తాకి ఆగిపోయింది. విరామం తరువాత తిరిగి తెరచినా నిలువలేదు. సెన్సెక్స్ 17.34 శాతం లాభంతో 14,284 వద్ద నిలిచిపోయింది. 2014 మే 16న తొలిసారిగా 25,000 దాటిన సెన్సెక్స్ సాయంత్రానికి ఒక శాతం కన్నా తక్కువ లాభానికి పరిమితమైంది. 2019 మే 23న 40,000 మైలురాయిని తాకి, చివరకు 299 పాయింట్ల నష్టంతో ముగిసింది. ఆ ఎన్నికలలో అసలు ఉరకలు మూడు రోజుల ముందే, ఎగ్జిట్ పోల్స్ మరునాడు కనిపించాయి. మే 20న సెన్సెక్స్ 1,421 పాయింట్లు పెరిగింది.

నాలుగు సందర్భాలు. రెండింటిలో పది శాతం మించిన కదలిక, రెండింటిలో ఒక శాతం లోపు. కనుక భారీ కుదుపునకు సగానికి సగం అవకాశమని చెప్పవచ్చునా? నాలుగింట రెండు జరిగినప్పుడు అసలు సంభావ్యత ఎక్కడ ఉండవచ్చునని గణాంకశాస్త్రాన్ని అడిగితే, 95 శాతం విశ్వాసంతో అది ఇచ్చే సమాధానం 7 శాతం నుంచి 93 శాతం వరకు. అంటే దాదాపుగా ఏమీ చెప్పనట్టే. ఐదేళ్లకొకసారి జరిగే ఘటన నుంచి శాతాలు పిండుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. పైగా 2004ను ఆ చిట్టాలో ఎలా రాసుకోవాలన్నదే తేలని విషయం. ఫలితాల రోజును లెక్కిస్తే అది ప్రశాంతమైన సంవత్సరం. రెండు పనిదినాలు ముందుకు జరిగితే ఘోరమైన సంవత్సరం.

బడ్జెట్ల చరిత్రలోనూ ఇదే పరిస్థితి. దీర్ఘకాలిక మూలధన లాభాలపై పన్నును తిరిగి ప్రవేశపెట్టిన 2018 ఫిబ్రవరి 1న సెన్సెక్స్ నామమాత్రంగా తగ్గింది. మరునాడు 839 పాయింట్లు కోల్పోయింది. బడ్జెట్ రోజునే లెక్కలోకి తీసుకునే పట్టికలో ఆ పతనం కనిపించదు. 2009 జూలై 6న 5.8 శాతం నష్టం, 2021 ఫిబ్రవరి 1న 5 శాతం లాభం, 2024 జూలై 23న కేవలం 73 పాయింట్ల నష్టం. వీటి సగటు తీస్తే సున్నాకు దగ్గరగా ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకెను నమ్ముకుని ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. మరికొంత వెనక్కి వెళితే పోలికే చెల్లదు. 1998 వరకు బడ్జెట్ ప్రసంగం సాయంత్రం 5 గంటలకు మొదలయ్యేది. 1999లో యశ్వంత్ సిన్హా దానిని ఉదయం 11 గంటలకు మార్చారు. అంతకు ముందు ‘బడ్జెట్ రోజు’ ధరలంటే ప్రసంగానికి ముందటి ధరలే.

అయితే గత ఘటనలు నిరుపయోగమని దీని అర్థం కాదు. శాతాలు వెదకడం మాని, కారణాలు వెదికితే అదే చిట్టా వేరే విషయం చెబుతుంది. 2004లో, 2009లో ఫలితం అంచనాలను మించి పక్కకు పోయింది. 2014లో, 2019లో అంచనాల దిశలోనే వచ్చింది. కుదుపు పుట్టింది గెలుపోటముల నుంచి కాదు, అంచనాకు ఫలితానికి నడుమ ఉన్న దూరం నుంచి. కనుక 2024 జూన్ 3 సాయంత్రం వేసుకోవలసిన ప్రశ్న ‘ఎన్నికల రోజున మార్కెట్ ఎంత కదులుతుంది’ అన్నది కాదు. ‘ఎగ్జిట్ పోల్స్ తప్పడానికి ఎంత అవకాశం ఉంది, తప్పితే సూచీ ఎక్కడిదాకా పడుతుంది’ అన్నది. సోమవారం నాటి 3.25 శాతం పెరుగుదల ఆ పోల్స్‌పై పెట్టిన నమ్మకమే గనుక, అవి తప్పితే ముందుగా పోయేది ఆ పెరుగుదలే. 2019ని మాత్రమే గుర్తుంచుకున్న వారికి ఈ ప్రశ్న తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ప్రీమియంలో దాగిన అంచనా

ఇక రెండవ సాక్ష్యం. నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి రాబోయే 30 రోజులలో సూచీ ఎంతగా ఊగిసలాడవచ్చునో లెక్కగట్టి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ ప్రకటించే సూచికకు ఇండియా విక్స్ అని పేరు. దీనిని వార్షిక శాతంగా చెబుతారు. 2020 మార్చిలో కరోనా భయంతో సెన్సెక్స్ ఒక్కరోజులో 13 శాతం పడిన వారంలో ఈ సూచిక 80 దాటింది. 2024 ఏప్రిల్ చివరిలో 10 పరిసరాలలో ఉన్నది, పోలింగ్ దశలు గడిచేకొద్దీ పెరిగి 20 దాటి, జూన్ 3న 21 సమీపంలో ముగిసింది.

వార్షిక అంకెను ఒక రోజుకు కుదించాలంటే ఏడాదిలోని 252 పనిదినాల వర్గమూలంతో, అంటే దాదాపు 15.9తో భాగించాలి. 21ని అలా భాగిస్తే 1.3 శాతం వస్తుంది. సాధారణ రోజున నిఫ్టీ అటో ఇటో అంతమేర కదలవచ్చునని దాని తాత్పర్యం. ఈ లెక్కను పట్టుకున్న వారికి జూన్ 4 నాటి 5.93 శాతం పతనం ప్రామాణిక విచలనానికి నాలుగున్నర రెట్లు. లక్షల రోజులకు ఒక్కసారి మాత్రమే సంభవించవలసినది. నిజానికి అది జరిగింది. లెక్క తప్పినది ఎక్కడ?

విక్స్ ముప్పై రోజుల సగటు. ఆ ముప్పై రోజులలో అన్ని రోజులూ సమానం కావు. 20 పనిదినాలు మామూలువి, ఒకటి మాత్రం లెక్కింపు రోజు. ఎన్నికల వేడి లేని కాలంలో విక్స్ 13 పరిసరాలలో తిరుగుతుందనుకుంటే, ఆ మామూలు రోజుల వాటాను మొత్తం నుంచి తీసివేయవచ్చు. విచలనాలను నేరుగా కాక వాటి వర్గాలను కూడాలి, తీసివేయాలి. 21 పనిదినాలకు 21 విక్స్ చొప్పున మొత్తం దాదాపు 36.8 వస్తుంది. 20 మామూలు రోజుల వాటా 13.4. మిగిలిన 23.4 అంతా లెక్కింపు రోజుదే. దాని వర్గమూలం 4.8. అంటే ఆ ఒక్కరోజున సూచీ అటో ఇటో 4.8 శాతం మేర కదలవచ్చునన్నది సోమవారం సాయంత్రానికే ఆప్షన్ ధరలలో ఇమిడి ఉన్న అంచనా. ఈ కొలతతో చూస్తే 5.93 శాతం పతనం ప్రామాణిక విచలనానికి ఒకటింపావు రెట్లు కూడా కాదు. అంతకు మించిన పతనానికి సుమారు తొమ్మిదింట ఒక వంతు అవకాశం ఉన్నట్టు లెక్క. అసాధారణమే గానీ ఊహకందనిది కాదు.

ఈ గణన స్థూలమైనది. ఎక్స్ఛేంజీ వాడే పద్ధతి నిమిషాల స్థాయిలో కాలాన్ని కొలుస్తుంది. ఘటన తరువాతి కొన్ని రోజులు కూడా మామూలు రోజులు కాకపోవచ్చు. మామూలు స్థాయిని 13గా కాక 15గా తీసుకుంటే ఫలితం నాలుగున్నర శాతానికి కొంచెం తక్కువగా వస్తుంది. ఏ విధంగా చూసినా 1.3కు, నాలుగున్నరకు మధ్య ఉన్న అగాధం పూడదు. ఒకే అంకెను ఇద్దరు రెండు రకాలుగా చదివితే ఒకరికి భద్రతగా, మరొకరికి హెచ్చరికగా కనిపించడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అరుదు.

ఆప్షన్ ధరల నుంచి ఒక స్థాయికి సంబంధించిన సంభావ్యతను కూడా రాబట్టవచ్చు. ఊహాత్మక ఉదాహరణ తీసుకుంటే, నిఫ్టీ 23,000 వద్ద ఉన్నప్పుడు 22,000 స్ట్రైక్ పుట్ ధర 60 రూపాయలు, 21,900 స్ట్రైక్ పుట్ ధర 52 రూపాయలు అనుకుందాం. మొదటిది కొని రెండవది అమ్మిన వ్యక్తికి నికర ఖర్చు 8 రూపాయలు. గడువు నాటికి సూచీ 21,900 కిందికి దిగితే అతనికి దక్కేది 100 రూపాయలు. వందకు ఎనిమిది చెల్లించడానికి మార్కెట్ సిద్ధంగా ఉందంటే, ఆ పతనానికి అది కట్టిన సంభావ్యత సుమారు 8 శాతం.

ఈ 8 శాతంలో భయం ధర కూడా కలిసి ఉంటుందని మరువరాదు. ఇంటికి అగ్ని ప్రమాద బీమా చేయించేవారు నిజమైన ప్రమాద సంభావ్యత కన్నా ఎక్కువే చెల్లిస్తారు. లేకపోతే బీమా సంస్థ నడవదు. పుట్ ఆప్షన్ కూడా బీమాయే. అందువల్ల ధరల నుంచి తీసిన పతన సంభావ్యత సాధారణంగా వాస్తవం కన్నా కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఎంత ఎక్కువ అన్నది తెలుసుకోవాలంటే మళ్లీ గత ప్రవర్తనను ఆశ్రయించక తప్పదు. ఒకే రకమైన ప్రీమియం పలికిన పూర్వపు సందర్భాలలో నిజంగా ఎన్నిసార్లు పతనం జరిగిందో చూడాలి. రెండు సాక్ష్యాలు పరస్పరం పోటీదారులన్న భావన ఇక్కడికి వచ్చేసరికి కరిగిపోతుంది. ధర చెప్పే సంభావ్యతకు, గతం నుంచి తేలిన సంభావ్యతకు నడుమ ఖర్చులను మించిన తేడా ఉన్నప్పుడే ట్రేడర్‌కు లాభానికి తావుంటుంది. రెండూ ఒకటే చెబితే, అంచనా ఎంత సరైనదైనా అతనికి మిగిలేది బ్రోకరేజీ ఖర్చే.

దిశ విషయంలో మాత్రం విక్స్ మౌనంగా ఉంటుంది. 4.8 శాతం అన్నప్పుడు అది పైకా, కిందికా అన్నది ఆ అంకె చెప్పదు.

నియమాలు మారితే చిట్టా చెల్లదు

గత సమాచారాన్ని కంప్యూటర్‌లో పరీక్షించి వ్యూహాలు తయారు చేసుకునేవారిని తరచుగా దెబ్బతీసేది నిబంధనల మార్పు. నిఫ్టీ వారపు ఆప్షన్లు 2019 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. కొన్నేళ్లపాటు గురువారం గడువు రోజు ఎలా ప్రవర్తిస్తుందన్న దానిపై లెక్కలేనన్ని సూత్రాలు పుట్టాయి. 2024 అక్టోబరు 1న సెబీ జారీ చేసిన సర్క్యులర్‌తో ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒక్క సూచీపైనే వారపు గడువు మిగిలింది. కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షల రూపాయలకు పెరిగింది. గడువు రోజున ఆప్షన్లు అమ్మేవారిపై అదనపు మార్జిన్ పడింది. 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ గడువు మంగళవారానికి, సెన్సెక్స్ గడువు గురువారానికి మారాయి. ‘గురువారం నిఫ్టీ’ గురించి కూడబెట్టిన గణాంకాలు ఆనాటితో చరిత్ర గ్రంథంలో చేరిపోయాయి.

మరొక లోపం కంటికి కనిపించదు. నేటి సూచీలో ఉన్న సంస్థల జాబితాను తీసుకుని ఇరవై ఏళ్ల వెనుకటి ధరలపై వ్యూహాన్ని పరీక్షిస్తే, మధ్యలో రాలిపోయిన సంస్థలు ఆ పరీక్షలోకి రావు. తెలుగు పాఠకులకు ఉదాహరణ వెదకనక్కరలేదు. 2009 జనవరి 7న ఖాతాలలో అవకతవకలను ఛైర్మన్ స్వయంగా ఒప్పుకున్న లేఖ బయటపడినప్పుడు హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్ షేరు ఒక్కరోజులో మూడు వంతులకు పైగా విలువ కోల్పోయింది. కొద్ది రోజులలోనే సెన్సెక్స్, నిఫ్టీ రెండింటి నుంచీ దానిని తొలగించారు. నేటి జాబితాతో లెక్క వేసేవారి దృష్టిలో అటువంటి సంస్థ సూచీలో ఎన్నడూ లేనట్టే.

చార్టుపై ధర కనిపించినంత మాత్రాన ఆ ధరకు కొనగలమో అమ్మగలమో కూడా చెప్పలేము. 2009 మే 18న సూచీ ఒక ధర నుంచి మరొక ధరకు దూకింది. నడుమ ఉన్న స్థాయిలలో నష్టాన్ని ఆపుకునే ఆర్డరు పెట్టుకున్న వారికి ఆ స్థాయిలే దొరకలేదు. పరీక్షలో చక్కగా పనిచేసిన స్టాప్‌లాస్ ఆ రోజున కాగితానికే పరిమితమైంది.

నష్టాల లెక్క

ఈ చర్చకు ప్రాధాన్యం ఎందుకో సెబీ అధ్యయనాలు తెలుపుతాయి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటు నష్టం దాదాపు 2 లక్షల రూపాయలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. లావాదేవీల రుసుములకే ఆ మూడేళ్లలో సుమారు 50,000 కోట్లు వెచ్చించారు. 2024-25లో నష్టపోయినవారు 91 శాతం, వారి నికర నష్టం 1,05,603 కోట్ల రూపాయలు. ఎదుటి పక్షాన ఉన్న విదేశీ సంస్థలు, సొంత ఖాతాలపై ట్రేడింగ్ చేసే సంస్థల లాభాలలో 2023-24లో 96 శాతానికి పైగా అల్గోరిథమ్‌ల ద్వారా వచ్చినవే. ధరకు, గతానికి నడుమ తేడాను క్షణాలలో కొలిచే యంత్రాలవి.

సంభావ్యత సరిగ్గా ఉన్నా నష్టం తప్పని సందర్భాలు కూడా ఉన్నాయి. పదింట ఎనిమిది సార్లు వెయ్యి రూపాయల చొప్పున గెలిచి, రెండు సార్లు ఐదు వేల చొప్పున ఓడే వ్యూహానికి 80 శాతం విజయ రేటు ఉంటుంది. పది లావాదేవీలు ముగిసేసరికి చేతిలో ఉండేది రెండు వేల రూపాయల నష్టం, ఆపైన రుసుములు. దూరపు స్ట్రైక్ ఆప్షన్లను అమ్మేవారి లెక్క తరచుగా ఇలాగే ఉంటుంది. ‘90 శాతం కచ్చితత్వం’ అనే ప్రచారంలో సాధారణంగా చెప్పకుండా వదిలేసేది ఆ రెండవ అంకెనే.

సంభావ్యత పేరుతో సాగే ఉపదేశాలపై సెబీ 2025 జనవరి 29న మరింత స్పష్టతనిచ్చింది. మార్కెట్ విద్యను మాత్రమే బోధిస్తున్నామని చెప్పుకునేవారు అంతకు ముందు మూడు నెలల మార్కెట్ ధరలను వాడుతూ ఏదైనా షేరును ప్రస్తావించరాదని తెలిపింది. తాజా ధరతో చెప్పినది పాఠం కాదు, సలహా అన్నది దాని సారాంశం. మూడు నెలలు దాటిన ధర గతం కిందికి వస్తుంది, బోధనకు పనికివస్తుంది.

సమాచారాన్ని ఏ కాలపరిమితితో కొలుస్తున్నామన్నది కూడా ఫలితాన్ని మార్చివేస్తుంది. 2024 జూన్ 5న సెన్సెక్స్ 2,303 పాయింట్లు కోలుకుంది. విక్స్ 19 దిగువకు జారింది. జూన్ 7, శుక్రవారం నాటికి సెన్సెక్స్ 76,693 వద్ద, పతనానికి ముందటి సోమవారం ముగింపు కన్నా పైనే నిలిచింది. వారానికొక ముగింపు ధరను మాత్రమే నమోదు చేసుకునే పట్టికలో ఆ వారం ఎదుట రాసి ఉండేది 3.69 శాతం లాభం.